అనుకోలు

ముప్ఫై ఒక్క ఏళ్లుగా లెర్విక్ కోర్టులో గుమాస్తాను.
మనుషులు అనుకున్నవాటిని
తెల్లకాగితం మీద నల్లగా దించడం నా పని.

రుజువయ్యేదాకా నేరం చెయ్యలేదనే అనుకుంటాం.
పెళ్లైన ఇంట్లో పుట్టిన బిడ్డ ఆ ఇంటాయన బిడ్డే అనుకుంటాం.
స్టాంపు అంటించి డబ్బాలో వేసిన ఉత్తరం
చేరిందనే అనుకుంటాం.
ఈ మూడోది రాసినవాళ్లు
మా ద్వీపాల మీద వీచే గాలిని చూసుండరు.

ఆ గాలే ఓస్లా మూవట్ కంటే ముందు
తలుపు తోసుకుని లోపలికొచ్చింది, మార్చిలో.
తడిసిన ఉన్ని టోపీ ఒళ్లో పెట్టుకుని
ఫారం అటూ ఇటూ తిప్పి చూసిందామె.
"చచ్చిపోయాడని అనుకోవడానిక్కూడా ఫీజా?"

ఆమె భర్త గిబ్బీ
ఏడేళ్ల కిందట చేపలకని ఒక్కడే వెళ్లాడు.
పడవ దొరికింది.
మునిగి కాదు, ఫెట్లార్ రేవులో,
తాడు పద్ధతిగా ముడేసి,
ఫ్లాస్కులో టీ సగం మిగిలి.

అప్పట్నించీ ఊరికి చేతినిండా పని.
బేకరీ రోనా మునిగిపోయాడనుకుంది.
అడక్కుండానే పొట్లంలో ఒక రొట్టె తగ్గించింది.
పై వీధి వాళ్లు పారిపోయాడనుకున్నారు.
బెర్గెన్‌లో ఎవరితోనో చూశారట,
వీపు మాత్రమే చూశారట.
బ్యాంకు బతికే ఉన్నాడనుకుంది,
ఆయన సంతకం లేందే పైసా కదలదంది.

రాస్మీ టల్లాక్ ఆమెకి తోడు కావాలనుకున్నాడు.
మొదటి వారం పొయ్యిలోకి పీట్ గడ్డలు మోసుకొచ్చాడు,
రెండో వారం గిబ్బీ కుర్చీలో కూర్చున్నాడు,
మూడో వారం గిబ్బీ చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.
చనువిస్తే చంకెక్కేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.
ఇవ్వకముందే ఎక్కినవాణ్ని
ఆమె చీపురుతో దించింది.

"నువ్వేమనుకున్నావు?" అని
ఆమెని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
ఫారంలో ఆ గడి లేదు.

అనుకోవడం.
ఈ మాట కుట్లు విప్పి చూడండి ఓసారి.
అనడం, కొనడం.
మనకి మనమే ఒకటి అనేసి
దాన్ని మనమే కొనేసుకోవడం,
చిల్లరకైనా చెయ్యి చాపకుండా.

విచారణ పదకొండు నిమిషాలు.
షెరిఫ్ అంటే మా దగ్గర తుపాకీ కాదు, తీర్పు.
ఆయన చదివారు:
ఎప్పుడు మరణించిందీ సాక్ష్యం లేదు గనక
కడసారి కనబడిన నాటి నుంచి ఏడేళ్లు నిండిన దినాన,
ఆ దినం ముగిసే వేళకు
మరణించినట్టు భావించడమైనది.

ఓస్లా చెయ్యెత్తింది, బడిపిల్లలా.
"మరి ఆ ముందురోజు?"
షెరిఫ్ కళ్లజోడు తీశారు.
"ముందురోజు, అంటే, చట్టం లెక్కలో, ఉన్నట్టే."
"అంతకు ముందటేడు?"
"ఉన్నట్టే."
"మొదటి చలికాలం? కొట్టం రేకు ఎగిరిపోయిన రాత్రి?"
ఆయన కాగితం వైపు చూశారు, కాగితం ఏమీ చెప్పలేదు.
"ఉన్నారమ్మా."

ఏడేళ్లు బల్ల మీద రెండో కంచం పెట్టింది.
పిచ్చిదనుకున్నారు.
ఆ సాయంత్రం పక్కింటివాళ్లు చూశారట,
ఒక్క కంచమే కడిగిందట, మామూలుగా,
రేడియో పెట్టుకుని.

అంతకు ముందు కోర్టు మెట్లు దిగి
నేరుగా బేకరీకి వెళ్లింది.
"రోనా, ఏడేళ్ల రొట్టెలు నాకు బాకీ" అంది.
రోనా నవ్వాలో వద్దో తెలీక
వేడిది ఒకటి చేతిలో పెట్టింది.
డబ్బు తీసుకుందో లేదో
నా రికార్డులో లేదు.

నా బల్ల మీద మాత్రం
ఏడుస్తుందనుకుని నేను తెచ్చిపెట్టిన
కాగితపు రుమాళ్ల పెట్టె
సీలు కూడా విప్పకుండా అలాగే ఉంది.
సొరుగులో పడేశాను.
రేపెవరో వస్తారు, పనికొస్తుంది,
అనుకోండి.